నీట్‌లో 396: లాంగ్‌టర్మ్‌కి పోవాలా, వద్దా?

కావలి_బైపీసీ | 2025 జూన్ 19, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. ఇంటర్ నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివాను. మే 4న నీట్ రాశాను, మొన్న 14న రిజల్ట్ వచ్చింది. 720కి 396. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది. తిట్టి ఉంటే ఏడ్చి పడుకునేదాన్ని.

గ్రాండ్ టెస్టుల్లో 500 దాటేవి. పరీక్ష రోజు ఫిజిక్స్ చూడగానే చేతులు చల్లబడ్డాయి. టెన్షన్ వల్లే పోయిందని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను.

నాన్న అల్లూరు వైపు నాలుగెకరాల రొయ్యల గుంటలు లీజుకు చేస్తాడు. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల వార్త రాగానే ధర పడింది. సరిగ్గా అప్పుడే మా గుంట పట్టుబడికొచ్చింది. మేత కొట్టులో బాకీ అట్లాగే ఉంది. ఏడాది ఆగి మళ్ళీ నీట్‌కు చదివించే లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి హాస్టల్‌తో కలిపి లక్షా అరవై వేలట. కోచింగ్ సెంటర్ల పీఆర్వోలు రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నారు, నెలాఖరులోగా ముప్ఫై వేలు కడితే తగ్గింపు ఇస్తారట. నాన్నను అడిగితే "కడదాంలే" అంటాడు. ఆ "లే" నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అగ్రికల్చర్, ఫార్మసీ లాంటి సీట్లకు పెట్టే ఈఏపీసెట్ కూడా రాశాను. ఆ ర్యాంకుకు అగ్రికల్చర్ వస్తే రావచ్చు, పోతే పోవచ్చు. అమ్మేమో ముహర్రానికి నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు పోయి, కోరిక తీరినవాళ్ళు పంచే చదువు రొట్టె పట్టుకుందాం, మిగతాది తర్వాత చూద్దాం అంటోంది. ఏం చెయ్యమంటారు?

జై_సింహపురి | జూన్ 20, ఉదయం 6:15

ధైర్యంగా ఉండు చెల్లీ. పడ్డవాడే లేస్తాడు. కష్టపడితే సాధించలేనిది లేదు. ఆల్ ది బెస్ట్!

ట్రంకురోడ్డు | జూన్ 20, ఉదయం 7:02

ఆల్ ది బెస్ట్‌తో పనయ్యేదైతే మా ఇంటి గోడ మీద క్యాలెండర్‌కు కూడా సీటొచ్చేది. నిజం చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. నిరుడు మా స్నేహితుడి చెల్లెలికి 540 వచ్చినా గవర్నమెంట్ సీటు రాలేదు. 396కి లాంగ్‌టర్మ్ దండగ. బీఫార్మసీలో చేరి నాన్నకు ఆ డబ్బు మిగుల్చు.

ఒంగోలు_హౌస్‌సర్జన్ | జూన్ 20, మధ్యాహ్నం 2:30

పైన ఆయన చెప్పిన లెక్కతో ఎవరూ నిర్ణయం తీసుకోవద్దు, అందుకే డ్యూటీ మధ్యలో రాస్తున్నా.

2024 మార్కుల్ని 2025 మార్కులతో పోల్చకూడదు. నిరుడు సవరించిన ఫలితాల్లో కూడా 720కి 720 వచ్చినవాళ్ళు పదిహేడుమంది ఉన్నారు. ఈసారి దేశం మొత్తానికి మొదటి ర్యాంకుకు వచ్చింది 686. జనరల్‌లో అర్హత మార్కు నిరుడు 162 అయితే ఇప్పుడు 144. పైగా ఐచ్ఛిక ప్రశ్నలు తీసేశారు, టైము 200 నిమిషాల నుంచి 180కి కోశారు. అంటే ఈ ఏడాది 396, నిరుటి 396 ఒకటి కాదు. చూడాల్సింది ర్యాంకు. అదీ ఆల్ ఇండియా ర్యాంకు కాదమ్మా, విజయవాడ హెల్త్ యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చే రాష్ట్ర జాబితాలో, నీ కేటగిరీలో నువ్వు ఎక్కడున్నావన్నది.

ఇంకో సంగతి. సీట్ల లెక్కలో కావలి, నెల్లూరు ఎస్వీయూ (శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ) లోకల్ ఏరియా కిందికి వస్తాయి. మా ఒంగోలు ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) కిందికి వస్తుంది. రెండింటి కటాఫ్‌లు వేరు. ఒంగోలు స్నేహితురాలికి ఎంతకు వచ్చిందో చూసుకుని నువ్వు సంతోషపడినా తప్పే, భయపడినా తప్పే.

నా సంగతి: మొదటిసారి రాలేదు, రెండోసారీ రాలేదు, మూడోసారి వచ్చింది. ఇప్పుడు నా పక్క బెడ్డు దగ్గర నిలబడే కో-ఇంటర్న్ నాకంటే రెండేళ్ళు చిన్న. వార్డులో ఏ పేషెంటూ "ఎన్నోసారికి సీటొచ్చింది డాక్టరుగారూ" అని అడగలేదు. ఆ రెండేళ్ళు పోయాయన్న బాధ నాకు లేదు. కానీ రెండో ఏడు నేను ఏం చదివానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అది ఇంకోసారి రాస్తా.

కందుకూరు_నాన్న | జూన్ 20, రాత్రి 9:10

ఆ రెండో ఏడు సంగతి నేను చెబుతాను డాక్టరుగారూ. మీది కాదు, మా అబ్బాయిది.

మొదటిసారి వాడికి బయాలజీ బాగా వచ్చింది, ఫిజిక్స్ పోయింది. లాంగ్‌టర్మ్‌లో చేర్పించాం. ఏడాదంతా వాడు చేసిందేమిటయ్యా అంటే, వచ్చిన బయాలజీనే మళ్ళీ చదివాడు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నేను మురిసిపోయేవాణ్ణి. రెండోసారి 22 మార్కులు పెరిగాయి. ఫిజిక్స్ అక్కడే ఉంది. ఇంకో ఏడు వేశాం. ఈసారి తొమ్మిది తగ్గాయి.

తప్పు వాడిదే అనను. హాస్టల్లో పద్నాలుగు గంటలు కూర్చోబెడతారు. అన్ని గంటలు రానిది చదివితే పిచ్చెక్కుతుంది, అందుకే మనిషి వచ్చినదాన్ని పట్టుకుంటాడు. చదివినట్టూ ఉంటుంది, హాయిగానూ ఉంటుంది. ఇప్పుడు వాడు డిగ్రీ చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. నాతో మాత్రం ఎక్కువగా మాట్లాడడు.

అమ్మా, డబ్బు కట్టే ముందు సబ్జెక్టువారీగా మార్కులు ఇక్కడ పెట్టు. పెద్దవాళ్ళు ఎవరైనా చూస్తారు.

కావలి_బైపీసీ | జూన్ 20, రాత్రి 10:25

పెడుతున్నా అంకుల్. వెబ్‌సైట్‌లో వచ్చిన ఓఎంఆర్, కీ పక్కపక్కన పెట్టుకుని లెక్కేశా. రైటుకు 4, తప్పుకు ఒకటి పోతుంది.

బయాలజీ: 70 రైటు, 10 తప్పు, 10 వదిలేశా. 270.
కెమిస్ట్రీ: 25 రైటు, 12 తప్పు. 88.
ఫిజిక్స్: 12 రైటు, 10 తప్పు, 23 వదిలేశా. 38.

ఇట్లా రాసుకుంటే ఇంకా చండాలంగా ఉంది.

దగదర్తి_మాస్టారు | జూన్ 21, ఉదయం 5:50

అమ్మాయీ, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చండాలమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఇట్లాంటి కాగితాలు చూశాను.

నువ్వు టెన్షన్ అంటున్నావు. అయ్యుండవచ్చు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. టెన్షన్ వచ్చినవాళ్ళు అన్నిటిలో పోగొట్టుకుంటారు, ఒక్క సబ్జెక్టులోనే కాదు. నీ బయాలజీ చెయ్యి వణకలేదు కదా.

ఒక పని చెయ్యి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి అదే ప్రశ్నపత్రంలో ఫిజిక్స్ 45 ప్రశ్నలు తీసి, ఒక గంట టైము పెట్టుకుని మళ్ళీ రాయి. పరీక్ష తర్వాత ఆ పేపరు ముట్టుకోలేదనే అనుకుంటున్నా. కీ చూశావు గానీ కీలో ఉండేది ఆప్షన్ నంబరే, అది గుర్తుండదు. ఇంట్లో, నీ మంచం మీద, ఎవరూ చూడకుండా రాయి. మార్కులు పెరిగితే టెన్షన్. పెరగకపోతే వేరే మాట్లాడుకుందాం.

ఆ తర్వాత రానివన్నీ మూడు కుప్పలు వెయ్యి. లెక్కలో జారినవి ఒక కుప్ప. సూత్రం తెలిసీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివి రెండో కుప్ప. అసలు ఆ చాప్టరే చదవనివి మూడో కుప్ప.

గిద్దలూరు_ఎంపీసీ | జూన్ 21, ఉదయం 9:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాది జేఈఈ. మాకు మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది కాబట్టి బీటెక్‌లో చేరి కూడా రాసుకోవచ్చు. నేను అట్లాగే చేరిపోయి జనవరికి చదువుతున్నా. అడ్వాన్స్‌డ్‌కు మాత్రం వరసగా రెండేళ్ళే ఛాన్సు. నీట్‌కు లిమిట్ లేదు కదా, అక్క కూడా ఏదైనా కోర్సులో చేరి రాయొచ్చుగా?

ఒంగోలు_హౌస్‌సర్జన్ | జూన్ 21, ఉదయం 11:05

తమ్ముడూ, చేరి రాసేవాళ్ళు ఉన్నారు. కాకపోతే అగ్రికల్చర్, వెటర్నరీ లాంటివాటిలో పొద్దున ఫీల్డు, మధ్యాహ్నం ల్యాబు, అటెండెన్సు. రెండు పడవల మీద కాళ్ళు. పైగా సీటు తీసుకుని మధ్యలో మానేస్తే కొన్ని కోర్సుల్లో జరిమానా కట్టాలి, ఒరిజినల్స్ వాళ్ళ దగ్గర ఉంటాయి. చేరే ముందు ఆ నోటిఫికేషన్‌లో "సీటు వదులుకుంటే" అన్న పేరా ఒకటికి రెండుసార్లు చదవాలి. మా బ్యాచ్‌లో ఒకతను అది చదవక మూడు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

కందుకూరు_నాన్న | జూన్ 21, ఉదయం 11:40

డాక్టరుగారూ, లోకల్ ఏరియా అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా కందుకూరును 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు కదా. మా రెండో అమ్మాయి పదో తరగతి దాకా కందుకూరులోనే, ఇంటర్ నెల్లూరులో. ఏయూ అవుతుందా, ఎస్వీయూ అవుతుందా?

అడ్మిన్_చెన్నకేశవ | జూన్ 21, మధ్యాహ్నం 12:15

ఇది అడిగినవాళ్ళు ఈ నెలలో మీరు ఆరోవారు. ఇంటర్ రెండో ఏడుతో ముగిసే వరస నాలుగేళ్ళు ఒకే ఏరియాలో చదివారా అన్నది ముందు చూస్తారు. కాకపోతే ఏడేళ్ళలో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. దీనికి వేరే చర్చ తెరిచాను, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ ఆ అమ్మాయి పరీక్ష రాస్తోంది, నిశ్శబ్దం!

కావలి_బైపీసీ | జూన్ 21, సాయంత్రం 6:48

రాశాను మాస్టారూ.

26 పెట్టాను. 15 రైటు, 11 తప్పు. 49.

టెన్షన్ లేదు. ఫ్యాన్ కింద కూర్చున్నా, అమ్మ నిమ్మకాయ నీళ్ళు కూడా ఇచ్చింది. పదకొండు మార్కులే పెరిగాయి.

రాని ముప్ఫైని కుప్పలు వేశా. లెక్కలో జారినవి 4. చదవని చాప్టర్లవి 9. మొదలుపెట్టడం తెలియనివి 17. ఆ పదిహేడింటికీ సూత్రం నాకు వచ్చు. పక్కన రాసి కూడా పెట్టా. రాసి దాన్నే చూస్తూ కూర్చున్నా.

గ్రాండ్ టెస్టుల్లో 500 ఎట్లా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. వారంలో చేయించిన మోడల్సే శనివారం టెస్టులో వచ్చేవి.

అందరికీ టెన్షన్ అని చెప్పుకున్నా. నాన్నకు కూడా. ఇప్పుడేం చెప్పాలి?

పొదిలి_సిస్టర్ | జూన్ 21, రాత్రి 8:30

నేను స్టాఫ్ నర్సుని. ఫిజిక్స్ గురించి నాకేం తెలియదు. కానీ "నిద్ర పట్టడం లేదు" అని మొదటి పోస్టులోనే రాశావు, ఎవరూ దాని గురించి అడగలేదు. నిద్ర, తిండి ఎట్లా ఉన్నాయి తల్లీ? మనసు మరీ బరువైతే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చివాళ్ళ నంబరు అని మావాళ్ళు కొందరు నవ్వుతారు, నవ్వనీ. రిజల్ట్స్ వచ్చిన వారంలో క్యాజువాలిటీలో నేను చూసిన పిల్లల్ని వాళ్ళు చూసి ఉండరు.

నాన్నకు నిజమే చెప్పు. గుంటలో రొయ్య పోతే వైట్ స్పాట్ జబ్బా, ఆక్సిజన్ తగ్గిందా అని ఆయన ముందు చూసుకోడా? ఏ జబ్బో తెలియకుండా మందు చల్లడు కదా.

కావలి_బైపీసీ | జూన్ 21, రాత్రి 9:15

తింటున్నా అక్కా. నిద్రే కొంచెం. మీ మాట నాన్నకు చదివి వినిపించా. "ఆమెకు గుంటలున్నాయా?" అని అడిగాడు. ఈ వారంలో మొదటిసారి నవ్వాడు.

ట్రంకురోడ్డు | జూన్ 21, రాత్రి 10:02

నేను మొన్న కాస్త ఎక్కువే మాట్లాడినట్టున్నా. అయినా నా అనుమానం నాకుంది. మొదలుపెట్టడం రాకపోవడం అనేది ఇంటర్ ఫస్టియర్ జబ్బు. రెండేళ్ళలో పోనిది పది నెలల్లో పోతుందా?

దగదర్తి_మాస్టారు | జూన్ 22, ఉదయం 5:35

పోతుందో లేదో ముందుగా చెప్పగలిగితే నేను జాతకాల కొట్టు పెట్టుకునేవాణ్ణి. మూడు వారాల్లో చూసుకోవచ్చు, దానికి లక్షా అరవై వేలు అక్కర్లేదు.

అమ్మాయీ, ఆ పదిహేడింటిలో ఎక్కువ భాగం ఫస్టియర్ మెకానిక్స్‌వే అయ్యుంటాయి. బలాలు, పని-శక్తి, రొటేషన్. బండి తోసేటప్పుడు ఏ బలం ఎటు పనిచేస్తుందో బొమ్మ గీయడం నీకు ఎవరూ నేర్పలేదు. ఎకాఎకిన షార్ట్‌కట్‌కు తీసుకుపోయారు. ఈ మూడు వారాలు బయాలజీ పుస్తకం అమ్మకిచ్చి బీరువాలో పెట్టించు. రోజుకు ఏడెనిమిది లెక్కలు చాలు. ప్రతి దానికీ ముందు బొమ్మ, తర్వాత "నాకు ఏం తెలుసు, ఏం కావాలి" అని తెలుగులో రెండు ముక్కలు, ఆ తర్వాతే సూత్రం. ఫోటో తీసి నాకు పంపు, నేను ఎర్ర పెన్ను పెడతా. ఇవాళ ఒకటి, మూడు వారాల తర్వాత ఒకటి, పాత నీట్ పేపర్లలోంచి 25 ప్రశ్నల టెస్టులు ఇస్తా. రెండింటి తేడా చూసి మీ నాన్న, నువ్వు కూర్చుని మాట్లాడుకోండి.

పీఆర్వోలకు "జూలై 15 తర్వాత చెయ్యండి" అని చెప్పు. బ్యాచ్ నిండిపోతుందంటారు. నా సర్వీసులో నిండిపోయిన లాంగ్‌టర్మ్ బ్యాచ్‌ను నేను చూడలేదు.

ముత్తుకూరు_బీఎఫ్ఎస్సీ | జూన్ 22, మధ్యాహ్నం 1:10

కావలి అక్కా, ఎవరూ చెప్పని ఆప్షన్ ఒకటి చెబుతా. నేను ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో మూడో ఏడు. ఈఏపీసెట్ ర్యాంకుతోనే వచ్చా. ఆ పరీక్షలో 160 ప్రశ్నల్లో బయాలజీ 80, నెగెటివ్ మార్కులు లేవు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. నీలాంటి మార్కులున్నవాళ్ళకు ఆ పరీక్ష నీట్ కంటే అచ్చొస్తుంది.

నేనూ డాక్టర్ కావాలనుకునే వచ్చా. మొదటి సెమిస్టరంతా ఏడ్చా. ఇప్పుడు ఏడవడం లేదు. ఇంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది. మీ నాన్నకు గుంటలున్నాయి కాబట్టి ఇదే చేరాలి అని మాత్రం నేను అనను. అట్లా అనేవాళ్ళు మీ ఊళ్ళో ఇప్పటికే నలుగురు ఉండుంటారు.

కావలి_బైపీసీ | జూన్ 22, మధ్యాహ్నం 1:32

నలుగురు కాదు, ఏడుగురు.

మూలాపేట_అమ్మ | జూలై 8, రాత్రి 10:40

అందరూ చదువు మాటలే మాట్లాడుతున్నారు, నేను రొట్టె మాట చెబుతా. ఇవాళ స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె పంచడానికి పోయాను. నిరుడు మా పాప కోసం పట్టుకున్నది. పాపకు సీటొచ్చింది గానీ మెడిసిన్‌లో కాదు, ఫిజియోథెరపీలో. కోరిక తీరినట్టా, తీరనట్టా అని గట్టు మీద నిలబడి ఆలోచించా. మా పాపే "తీరిందమ్మా, ఇచ్చెయ్" అంది. మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి ఎవరో కావలి వైపు ఆమెకు ఇచ్చా. మీ అమ్మగారేమో అని అడగబోయా, జనంలో కలిసిపోయింది.

కావలి_బైపీసీ | జూలై 9, ఉదయం 7:20

మా అమ్మ కూడా నిన్ననే పోయింది ఆంటీ! ఆకుపచ్చ చీరా? అమ్మ చదువు రొట్టె తెచ్చింది. నాన్నను కూడా తీసుకుపోయింది. ఆయన వ్యాపార రొట్టె పట్టుకున్నాడు.

మూలాపేట_అమ్మ | జూలై 9, ఉదయం 8:05

చీర రంగు యాడ చూశాను తల్లీ, ఆ తోపులాటలో. ఆమే అనుకుందాం.

కావలి_బైపీసీ | జూలై 14, రాత్రి 9:50

మాస్టారు ఇచ్చిన మొదటి టెస్టులో 25కి 9. నిన్నటి దాంట్లో 16. చెయ్యలేకపోయిన తొమ్మిదింటిలో ఆరు రొటేషన్‌వే. మాస్టారు "ఇది దొంగ పెరుగుదల కాదు, లెక్కలన్నీ కొత్తవే" అన్నారు. మొదటి వారం ఒక్కో లెక్కకు నలభై నిమిషాలు పట్టేది. రెండుసార్లు పుస్తకం విసిరికొట్టా. అది కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నా.

నాన్నతో గట్టు మీద కూర్చుని మాట్లాడా. టెన్షన్ కాదు, ఫిజిక్స్ రాదు అని చెప్పా. ఏరేటర్ల చప్పుడులో రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, పక్క గుంట ఆయన కూడా విన్నాడు. నాన్న చాలాసేపు నీళ్ళ వైపే చూసి "రాదని తెలిసింది కదా, ఇంక నేర్చుకో" అన్నాడు. ఈసారి "లే" లేదు.

హాస్టల్‌కు పోవడం లేదు. కావలిలో ఇంటి దగ్గర నుంచే. ఫిజిక్స్ ట్యూషన్ ఒకటి, వారం వారం టెస్టులకు మాత్రం ఒకచోట చేరుతున్నా. అంతా కలిపి నలభై వేల లోపు. ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫిషరీస్ కౌన్సెలింగ్‌కు కూడా అప్లై చేస్తా. సీటొస్తే చేరాలా వద్దా అన్నది ఆ రోజు చూసుకుంటాం. దాని మీద నాన్నకూ నాకూ ఇంకా కుదరలేదు. చేరమని ఆయన, వద్దని నేను. ఒక్కదానికి మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం: ఇది ఒక్క ఏడే. వచ్చే మేలో ఎంత వచ్చినా మూడోసారి లేదు.

ఒంగోలు_హౌస్‌సర్జన్ | జూలై 14, రాత్రి 11:30

మూడోసారి వచ్చినదాన్ని నేను, ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. అయినా సరే. నా రెండో ఏడు సంగతి రాస్తానన్నాను కదా, కందుకూరు నాన్నగారు అప్పుడే రాసేశారు. అచ్చం అదే. నాకు అది కెమిస్ట్రీ.

కందుకూరు_నాన్న | జూలై 15, ఉదయం 6:10

నిన్న రాత్రి ఈ చర్చంతా మా అబ్బాయికి పంపాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

దగదర్తి_మాస్టారు | జూలై 15, ఉదయం 6:25

అమ్మాయీ, రొటేషన్ ఆరు లెక్కలు మళ్ళీ చేసి పంపు. మూడో లెక్కలో ఇరుసు ఎక్కడుందో బొమ్మలో గుర్తు పెట్టలేదు నువ్వు.